కూపన్ల కత్తెర

లండన్ బదిలీ అంటే ఏదో పెద్ద పని అప్పగిస్తారనుకుని వెళ్లిన నాకు మొదటి రోజున చేతికిచ్చినది ఒక కత్తెర. అది 1977 నవంబరు. మన దేశపు బ్యాంకు ఒకదానికి అక్కడ ఉన్న శాఖలో, నేలమాళిగలో, స్ట్రాంగ్ రూముకు ఆనుకుని ఉన్న గదిలో నాకు సీటు చూపించారు. ఆ గదికి కిటికీ లేదు. ఒక పొడవాటి బల్ల, దాని మీద మెడ వంచిన దీపం, రెండు రబ్బరు ముద్రలు, ఎవరూ పట్టుకుపోకుండా బల్ల కాలికి పురికొసతో కట్టి ఉంచిన ఆ కత్తెర, ఇంతే సరంజామా. లండన్‌లోనే పుట్టి పెరిగి, 1939లో పదహారేళ్ల కుర్రవాడిగా, సిటీ అని పిలిచే అక్కడి బ్యాంకుల పేటలో గుమాస్తాగా చేరిన ఒక సీనియరు నాకు పని నేర్పారు. ఆయన చెప్పిన మొదటి పాఠం ఇప్పటికీ గుర్తుంది. గీత మీద కత్తిరించవద్దు, గీతకు వెంట్రుకవాసి ఇవతల కత్తిరించండి, ఎందుకంటే గీత అవతల ఉన్నది వచ్చే ఆరునెలల వడ్డీ అన్నారు.

బేరర్ బాండును ఎన్నడూ చూడని వారికి ఈ మాట అర్థం కావాలంటే కొంచెం వివరించక తప్పదు. అది వార్తాపత్రికలో సగం ఉండే దళసరి కాగితం. పై భాగంలో ఏ ప్రభుత్వం ఎంత అప్పు తీసుకున్నదో, ఏ వడ్డీకి తీసుకున్నదో రాసి ఉంటుంది. కింది భాగమంతా తపాలా బిళ్లల పత్రంలాగా గళ్లుగళ్లుగా ఉంటుంది. ఒక్కొక్క గడి ఒక్కొక్క కూపన్. దాని మీద బాండు నంబరు, కూపన్ వరుస సంఖ్య, సొమ్ము, గడువు తేదీ అచ్చయి ఉంటాయి. గడువు రాగానే ఆ గడిని కత్తిరించి, చెల్లింపు ఏజెంటుగా ఉన్న బ్యాంకులో ఇస్తే వడ్డీ ఇస్తారు. గళ్లన్నీ అయిపోయాక చివర మిగిలే ముక్కను టాలన్ అంటారు, దాన్ని ఇస్తే కొత్త కూపన్ల పత్రం వస్తుంది. యజమాని పేరు మాత్రం ఎక్కడా ఉండదు. కాగితం ఎవరి చేతిలో ఉంటే సొమ్ము వారిదే.

కాకినాడలో మా తాతగారి దగ్గర మూడున్నర శాతం గవర్నమెంటు ప్రామిసరీ నోట్లు కొన్ని ఉండేవి. ఆయన వాటిని ‘గవర్నమెంటు కాగితం’ అనేవారు. ఏడాదికి రెండుసార్లు ఉతికిన ఉత్తరీయం వేసుకుని, ఆ కాగితాలను పట్టుసంచిలో పెట్టుకుని, జిల్లా ఖజానా కార్యాలయానికి వెళ్లేవారు. కాగితం వెనుక గళ్లు ఉండేవి. వడ్డీ ఇచ్చినప్పుడల్లా ఒక గడిలో ముద్ర పడేది, మన పల్లెల్లో ప్రోనోటు వెనుక చెల్లు రాసినట్టే. లండన్‌లో మొదటిసారి కూపన్ కత్తిరించినప్పుడు నాకు ఆ కాగితాలే కళ్లలో మెదిలాయి. తాతగారి కాగితం మీద ఏటేటా చెల్లు పెరిగేది. ఈ కాగితం మాత్రం ఏటేటా రెండు ముక్కలు తరుగుతూ పోయేది.

ఇతరుల బాండ్లకు మేము కూపన్లు కత్తిరించవలసి రావడానికి కారణం యుద్ధం. 1939 సెప్టెంబరులో బ్రిటన్ విదేశీ మారకం మీద ఆంక్షలు పెట్టింది. ఆయుధాలు, తిండిగింజలు కొనడానికి డాలర్లు కావాలి కనుక, తమ పౌరుల దగ్గర ఉన్న విదేశీ ఆస్తి ఎంతో ప్రభుత్వానికి తెలియాలి. పేరు లేని కాగితం ఈ లెక్కకు అందదు. అదీకాక, శత్రువు ఆక్రమించిన దేశాల్లో దోచుకున్న బాండ్ల కూపన్లు చేతులు మారి లండన్ కౌంటరుకే వస్తే, చెల్లించిన ప్రతి పౌనూ శత్రువుకు చేరినట్టే. అందుకని ఈ కూపన్ శత్రువు సొత్తు కాదు అని ఎవరో ఒకరు పూచీ పడవలసి వచ్చింది. ఆ పూచీ బ్యాంకుల నెత్తిన పడింది. యుద్ధకాలపు ఈ పద్ధతి 1947 మారక నియంత్రణ చట్టంతో శాశ్వతమైంది. బేరర్ బాండ్లు ఉన్న ప్రతివారూ వాటిని అధీకృత డిపాజిటరీ దగ్గర, అంటే ఆ కాగితాలు భద్రపరచడానికి అనుమతి పొందిన సంస్థ దగ్గర, ఉంచి తీరాలి. ఇంట్లో బీరువాలో దాచుకోవడం నేరం. కూపన్ కత్తిరించే హక్కు కూడా యజమానికి లేదు, డిపాజిటరీయే కత్తిరించి, వడ్డీ వసూలు చేసి, పన్ను మినహాయించి, మిగిలినది ఖాతాలో జమ చేయాలి. మా శాఖ అటువంటి డిపాజిటరీ.

మన దేశంలోని మారక నియంత్రణ కూడా సరిగ్గా అదే సెప్టెంబరులో, భారత రక్షణ నిబంధనల కింద పుట్టి, అదే 1947లో చట్టమైంది. ఇద్దరూ ఒకే కాన్పులో పుట్టిన కవలలు. అక్కడిది 1979లో పోయింది. ఇక్కడిది ఫెరా చట్టంగా మరింత బలిసి, 2000 జూన్ ఒకటిన దాని స్థానంలో ఫెమా చట్టం వచ్చేదాకా బతికింది.

నేను చేరేనాటికి లండన్ పత్రికల్లో విదేశీ ప్రభుత్వ బాండ్ల ధరల పట్టీ బెత్తెడు కూడా ఉండేది కాదు. జర్మన్ యంగ్ నాలుగున్నర శాతం, గ్రీకు ఏడు శాతం, హంగరీ 1924, జపాన్ 1910 నాలుగు శాతం, 2007లో గడువు తీరే పెరూ మూడు శాతం, ఇలా ఉండేది. వీటిలో చాలా వాటి పక్కన ‘అసెంటెడ్’ అని ఒక మాట ఉండేది. అప్పు తీసుకున్న ప్రభుత్వం ఎప్పుడో ఎగవేసి, యుద్ధం తరువాత తగ్గించిన వడ్డీకి రాజీకి వస్తే, ఆ రాజీకి ఒప్పుకున్న వారి కాగితం అన్నమాట. యంగ్ ఋణం జర్మనీ ప్రభుత్వం తీసుకున్న అప్పు, 1930లో అయిదున్నర శాతానికి అమ్మినది. జర్మనీ పాత అప్పుల మీద 1953లో కుదిరిన లండన్ ఒప్పందంలో అది నాలుగున్నరకు దిగింది. గ్రీకు ఏడు శాతం 1924లో హాంబ్రోస్ బ్యాంకు లండన్‌లో అమ్మిన ఋణం. 1922లో ఆసియా మైనరు నుంచి కట్టుబట్టలతో వచ్చిపడిన శరణార్థులకు ఇళ్లూ పొలాలూ ఇవ్వడానికి నానాజాతి సమితి పూనికతో తెచ్చిన అప్పు అది. ఆ బాండు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, ఈ అప్పుతో మొదట్లో కట్టిన గుడిసెల్లో ఇప్పుడు ఎవరుంటున్నారో అనుకునేవాడిని. 1941లో జర్మన్లు గ్రీసును ఆక్రమించిన నాటి నుంచి చాలా ఏళ్లు ఆ వడ్డీయే లేదు.

పని చెప్పుకోవడానికి సులువు, చేయడానికి చాదస్తం. గడువుకు పది రోజుల ముందు స్ట్రాంగ్ రూము తలుపు ఇద్దరం కలిసి తెరవాలి, ఒకరి తాళం చెవితో అది తెరుచుకోదు. బాండ్లు తెచ్చి, నంబర్లు రిజిస్టరుతో సరిచూసి, కత్తిరించి, కూపన్లను నంబర్ల వరుసలో పేర్చి, మూడు ప్రతుల్లో జాబితా రాయాలి. వాటి వెనుక మా ముద్ర వేసి, మధ్యాహ్నం లోపల తోలుసంచిలో చెల్లింపు ఏజెంటుకు పంపాలి. వారు కొన్ని రోజులు అట్టిపెట్టుకుని, ఒక్కొక్క కూపన్‌నూ పరీక్షించి, అప్పుడు చెక్కు ఇస్తారు. అంతటితో అయిపోదు. ఈ ఋణాల్లో ఏటా కొన్ని బాండ్లను లాటరీ తీసి అసలు చెల్లించేవారు. ఆ నంబర్ల జాబితా పత్రికల్లో పడేది. మన బాండు లాటరీలో తగిలితే ఆ రోజు నుంచి వడ్డీ ఆగిపోతుంది, అయినా కూపన్లు మాత్రం బాండుకు అంటుకునే ఉంటాయి. నాకు ముందు ఎవరో ఒక నంబరు చూడకుండా వదిలేసి, లాటరీ తగిలాక కూడా రెండేళ్లు కూపన్లు వసూలు చేశారు. అసలు తీసుకోవడానికి వెళ్లినప్పుడు ఆ నాలుగు కూపన్ల సొమ్మూ మినహాయించి ఇచ్చారు. ఖాతాదారుకు ఆ తేడా బ్యాంకే పెట్టుకోవలసి వచ్చింది. అప్పటినుంచి ఆ జాబితాలు వేలితో కాక స్కేలు పెట్టి చదవాలని మా సీనియరు నియమం పెట్టారు.

మా దగ్గర ఇలాంటి బాండ్లు ఉంచిన ఖాతాదారులు నలభై మందికి పైగా ఉండేవారు. ఎక్కువమంది ఇండియాలో ఉద్యోగాలు చేసి తిరిగివెళ్లిన ఆంగ్లేయులో, వారి భార్యలో. అక్కడి పెద్ద బ్యాంకులు ఉండగా మా దగ్గరకు ఎందుకు వచ్చారంటే, వారి జీతాల ఖాతాలు కలకత్తాలోనో మద్రాసులోనో మొదలయ్యాయి కనుక. వారిలో ఒకావిడను నేను మనసులో దొరసాని అనుకునేవాడిని. ఆవిడ భర్త బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఇంజనీరుగా వాల్తేరులో ఏళ్ల తరబడి పనిచేశారట. 1947లో స్వదేశం చేరి కొన్నాళ్లకే పోయారు. ఆరునెలలకొకసారి, వడ్డీ జమ అయిన వారంలో, ఆవిడ రైలెక్కి వచ్చి, జమ చీటీని స్వయంగా తీసుకునేవారు. పోస్టులో పంపుతామన్నా వద్దనేవారు.

నాది కాకినాడ అని తెలిసిన రోజున ఆవిడ నాతో తెలుగు మాట్లాడారు. ముప్ఫై ఏళ్లుగా వాడని తెలుగు. ‘రా’, ‘తే’, ‘పో’, ‘చూడు’, ‘తొందరగా’, ఇంకొక డజను మాటలు. అన్నీ ఆజ్ఞలే. నేను నవ్వు ఆపుకోలేక, వీటికి చివర ‘అండి’ చేరిస్తే మర్యాదగా ఉంటుందండి అన్నాను. ఆవిడ ఆశ్చర్యపోయారు. ఆ మాట ఆవిడ రోజూ విన్నదే, అయితే అది నౌకర్లు మాత్రమే అనే మాట అనుకున్నారట. వాల్తేరు బంగళాలో అందరూ ఆవిడను అండి అన్నవారే గాని, ఆవిడ తిరిగి అనవలసినవారు ఒక్కరూ లేకపోయారు.

ఆవిడ మామగారు కొన్న బాండ్లు మూడు రకాలు. యంగ్ ఒకటి, గ్రీకువి నాలుగు, చైనావి రెండు. 1913లో చైనా కొత్త గణతంత్ర ప్రభుత్వం అయిదు దేశాల బ్యాంకుల ద్వారా రెండున్నర కోట్ల పౌన్ల అప్పు తీసుకుంది. ఆ కాగితాలవి. ఉప్పు పన్ను రాబడి దానికి తాకట్టు. 1939లో వడ్డీ ఆగిపోయింది. అందువల్ల ఆ రెండు బాండ్లకు కింద గళ్లు చెక్కుచెదరకుండా మిగిలిపోయాయి. 1939 నుంచి 1960 దాకా, ఏ కత్తెరా తాకని గళ్లు. నేను రిజిస్టరు సరిచూసినప్పుడల్లా వాటిని విప్పి, మళ్లీ మడత మీద మడత పెట్టి లోపల ఉంచేవాడిని. వాటి పని అంతే.

1979 అక్టోబరు 23, మంగళవారం. ఆర్థిక మంత్రి జెఫ్రీ హౌ పార్లమెంటులో లేచి, మిగిలిన మారక నియంత్రణలన్నీ మరునాటి నుంచి ఎత్తివేస్తున్నామని ప్రకటించారు. రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) మీద ఆంక్షలకు కావలసినవి మాత్రం ఉంచారు. ఆ ఏడాది జూన్‌లోనూ జూలైలోనూ కొంత సడలించారు కనుక ఏదో వస్తుందని అందరికీ తెలుసు, ఒక్కసారిగా అంతా పోతుందని ఎవరూ అనుకోలేదు. మరునాడు ఉదయం మా పై అంతస్తులో ఒక అధికారి పని లేకుండా కూర్చుని ఉన్నారు. విదేశీ షేర్లు కొనేవారు చెల్లించవలసిన డాలరు ప్రీమియాన్ని లెక్కగట్టడంలో ఆయనను మించినవారు లేరు. తెల్లవారేసరికి ఆ ప్రీమియమే లేదు. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండులో ఆ విభాగంలో పనిచేసే వందలమంది మాటేమిటని మేము భోజనాల వేళ మాట్లాడుకున్నాం.

మా సీనియరు ఏమీ మాట్లాడలేదు. బీరువాలో అట్టలు కట్టి ఉంచిన నియంత్రణ ఫారాలు కిందికి దించి, వెనుక వైపు తెల్లగా ఉందని, నాలుగేసి ముక్కలుగా కత్తిరించి, మూలన కుట్టి, చిత్తు ప్యాడ్లు చేశారు. నలభై ఏళ్ల క్రితం ఆ కాగితాలు మొదటిసారి వచ్చినప్పుడు కట్టలు విప్పిందీ తానేనని ఆ తరువాత ఎప్పుడో చెప్పారు. నేను తిరిగి వచ్చేదాకా మా లెక్కలన్నీ ఆ ప్యాడ్ల మీదే వేశాం.

ఇక కూపన్ల విషయం. నిర్బంధం పోయింది గాని సేవ పోవలసిన అవసరం లేదు, ఖాతాదారులు కోరితే కొనసాగించవచ్చు. కాని పైవారు లెక్క వేశారు. ఒక్కొక్క కూపన్ మీద మేము తీసుకునే రుసుము పెన్నీల్లో ఉండేది, దానికి ఇద్దరు మనుషుల జీతం, స్ట్రాంగ్ రూములో చోటు, జాబితాలు, తోలుసంచి. పెద్ద సంస్థల యూరోబాండ్లు అప్పటికే యూరోక్లియర్, సెడెల్ లాంటి, బాండ్లు భద్రపరిచి లెక్కలు చూసే సంస్థలకు చేరాయి, అక్కడ పని కంప్యూటరు చేస్తుంది. మా నలభై మంది ముసలివారి కోసం నేలమాళిగలో కత్తెర ఎందుకన్నారు. ఆ లెక్కలో తప్పేమీ లేదని నేనూ ఒప్పుకుంటాను. చిత్రమేమిటంటే, ప్రభుత్వం వారి చేతుల్లోంచి కాగితం లాక్కున్నంత కాలం వారికి కూపన్ల చింత లేకపోయింది. మీ కాగితం మీదే, పట్టుకుపోండి అనగానే చింత మొదలైంది.

1980 జనవరిలో ఉత్తరాలు పంపాం. వచనం నేనే రాశాను, మేనేజరుగారు రెండుసార్లు దిద్దారు. మారక నియంత్రణ ఎత్తివేసినందువల్ల మీ బాండ్లను మా దగ్గర ఉంచవలసిన అవసరం చట్టరీత్యా లేదు, మార్చి 31 తరువాత కూపన్ల వసూలు సేవ నిలిపివేస్తున్నాం, ఆ లోపున స్వయంగా వచ్చి తీసుకోవలసినదిగా, లేదా మరొక బ్యాంకుకు బదిలీ చేయమని రాయవలసినదిగా కోరుతున్నాం, ఇదీ సారాంశం. మొదటి ప్రతిలో నేను ‘విచారిస్తున్నాం’ అని రాస్తే మేనేజరుగారు కొట్టేసి ‘సంతోషంతో తెలియజేస్తున్నాం’ అని పెట్టారు. స్వేచ్ఛ వచ్చినందుకు కదా ఉత్తరం. చివరికి రెండూ తీసేశాం.

దొరసాని మార్చి రెండో వారంలో వచ్చారు. బాండ్లు లెక్కపెట్టి ఇచ్చి, రసీదు మీద సంతకం చేయించుకున్నాను. సంతకం చేశాక ఆవిడ కలం మూయకుండా, ఇక వీటిని ఎవరు కత్తిరిస్తారు అని ఇంగ్లీషులో అడిగారు. మీరేనండి అన్నాను. భర్త బతికి ఉండగా ఆయన, ఆయన తరువాత మేము. ఆవిడ తన జీవితంలో ఒక్క కూపన్ కూడా కత్తిరించలేదు. సీనియరు తన చిత్తు ప్యాడు ఒకటి తెచ్చి, గళ్లు గీసి, ఆవిడ చేత కత్తిరింపచేశారు. గీతకు వెంట్రుకవాసి ఇవతల. ఆవిడ చేతులు వణికేవి, పైగా వేళ్ల కణుపుల నొప్పులు. మా బల్ల కత్తెర ఆవిడకు పెద్దది. ఆరో గడికి కొంచెం కుదిరింది.

చైనా బాండ్లు రెండూ చూసి, వీటిని ఏం చేయమంటారు అన్నారు. ఇటువంటి పాత బాండ్లను అద్దాల చట్రాలు కట్టించుకునేవారు అప్పుడే తయారవుతున్నారు. 1978లోనే ఆ సరదాకు స్క్రిపోఫిలీ అని పేరు కూడా పెట్టారు. అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయని సీనియరు చెప్పారు. ఆవిడ మాత్రం, వారు ఇస్తామన్నారు కదా, ఇవ్వనీ అని, మడతపెట్టి సంచిలో పెట్టుకున్నారు. ఆ మాటకు అప్పుడు ఇద్దరం లోలోపల నవ్వుకున్నాం. 1987లో నేను విశాఖపట్నంలో ఉండగా, చైనా ప్రభుత్వం బ్రిటన్‌తో ఒప్పందం చేసుకుని, పాత లెక్కల పరిష్కారం కింద 23.5 మిలియన్ పౌన్లు చెల్లించడానికి ఒప్పుకున్నదని పత్రికలో చదివినప్పుడు మాత్రం నవ్వు రాలేదు. ఆవిడ అప్పటికి ఉన్నారో లేదో నాకు తెలిసే దారి లేదు.

ఆవిడను ఆఖరిసారి చూసింది 1980 మే నెలాఖరున. యంగ్ బాండు గడువు జూన్ ఒకటితో తీరిపోతుంది, అసలూ ఆఖరి కూపనూ కలిపి ఇస్తారు. జర్మన్ మార్కు విలువ పెంచినందుకు బాండుదారులకు ఎక్కువ ముట్టాలా వద్దా అని అయిదు దేశాల ప్రభుత్వాలు పశ్చిమ జర్మనీతో తగవు పడితే, కోబ్లెంజ్‌లోని మధ్యవర్తుల న్యాయస్థానం మే 16న నలుగురికి ముగ్గురి తేడాతో వద్దని తేల్చింది. ఆవిడ ఆ వార్త కత్తిరించి మరీ తెచ్చారు. ఆ కత్తిరింపు బ్రహ్మాండంగా కుదిరింది. కవరులో గ్రీకు కూపన్లు నాలుగు ఉన్నాయి. రెండు బాగానే ఉన్నాయి. మూడోది వంకరపోయి, దాని వరుస సంఖ్యలో చివరి అంకె బాండుతోనే ఉండిపోయింది. నాలుగోది రెండు ముక్కలు.

అలాంటి కూపన్‌ను చెల్లింపు ఏజెంటు తీసుకోడు. మా సేవ ఆగిపోయి అప్పటికి రెండు నెలలు, రిజిస్టరు కూడా మూసేశాం. అయినా సీనియరు లోపలికి వెళ్లి జిగురు సీసా తెచ్చారు. పలచని తెల్ల కాగితం మీద నాలుగో కూపన్ ముక్కలను అంచుకు అంచు కలిపి అంటించి, ఆరేదాకా దాని మీద రబ్బరు ముద్ర బరువుగా పెట్టారు. ఈమె మాకు చిరకాలంగా తెలిసిన ఖాతాదారు, ఈ కూపన్లు ఫలానా నంబరు బాండ్ల నుంచి వేరుచేసినవని మా పాత రిజిస్టరు వల్ల ధ్రువపరుస్తున్నాం అని నేను లెటర్ హెడ్ మీద రాశాను. మేనేజరుగారు గొణుక్కుంటూనే సంతకం పెట్టారు. మూడో కూపన్‌కు ఆ తప్పిపోయిన అంకె కూడా జతచేయాలి. బాండు ఆవిడ సంచిలోనే ఉంది. బల్ల మీద పరిచి, దీపం దగ్గరకు లాగి, ఆ అంకె ఉన్న సన్నటి పీలికను తీయడానికి కత్తెర కోసం చూశాను. పురికొస విప్పేసి ఎవరో దాన్ని పై అంతస్తుకు తీసుకువెళ్లారు.

ఆవిడ తన చేతిసంచి వెతికి, కుట్టుపని కత్తెర ఒకటి బయటకు తీసి, నా వైపు కాకుండా మా సీనియరు వైపు చూపారు. ఆయనకు తెలుగు రాదన్నది ఆ క్షణంలో ఆవిడకు తోచినట్టు లేదు.

“చూడు, అండి,” అన్నారు. “తొందరగా వద్దు, అండి.”